పెట్టె-రకం: లేదు

లాగ్ 1. ఎండ రోజులకు ఇంకా పదకొండు రోజులు

గత నెలలోని ఒక ఉదయం గురించి ముందు రాస్తాను. ఆ ఉదయం ఏ విశేషమూ జరగలేదు. రాయవలసింది అదే.

ఐదు గంటలకు లేచాను. గోడ మీది థర్మామీటరులో ఇరవై ఆరు. ముఖం కడుక్కున్న నీళ్లను వడపోత తొట్టిలో పోశాను. చాప పరిచి మోకరించాను. గనిలోని ఎనిమిది వందల పన్నెండు ఇళ్లను దేవునికి అప్పగించాను. రోజూ అదే ప్రార్థన. తరువాత దుప్పటి మడిచాను. ఉదయం పూట ఆ గదిలో కాళ్లకు చలి పుడుతుంది కాబట్టి ఊలు మేజోళ్లు వేసుకున్నాను.

నా చెల్లెలు రూతు జొన్న గట్క మూడు గిన్నెల్లో పోసింది. తమ్ముడు దానియేలు ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని ఆగాడు.

"గనిల ఉన్న ఉప్పంత నా గిన్నెలనే పోసినవా రూతూ?"

"నీకు చెమట పట్టే పనే లేదాయె అన్నా. తిన్న ఉప్పు యాడికి పోతది?"

దానియేలు నవ్వాడు. నేనూ నవ్వాను. మేం ముగ్గురం ఒకే ఇంట్లో ఉంటాం. దానియేలు భార్య పోయి ఆరేళ్లయింది. రూతు పెళ్లి వద్దంది. నా సంగతి రాయవలసినంత లేదు.

మా ఇంటికీ ద్వారానికీ మధ్య ఒక ఇనుప తలుపు. ద్వారం అంటే సర్వరు ఉన్న గది. నేల మీద మనిషి నిలవలేని ఎండలు వచ్చాక, తాతల కాలంలో జనం ఈ పాత బొగ్గు గనిలోకి దిగారు. చల్లగాలి యంత్రం ఒక్కటే. అందరికీ ఒకేసారి చాలదు, ఏటా ఎండ ముదిరే ఆ కొద్ది ఎండ రోజుల్లో అసలే చాలదు. గది వేడెక్కగానే, గాలి గొట్టం నోటికి బిగించిన ఆ ఇంటి పెట్టె సర్వరుకు రిక్వెస్ట్ పంపుతుంది. ఎవరి గాలి షట్టర్ ముందు తెరుచుకోవాలో, ఎవరిది తరువాతో మా కోడ్ చెబుతుంది.

రిక్వెస్ట్ పైభాగంలో హెడర్లుంటాయి. ఒక్కొక్క వరుసకు ఒక పేరు, ఒక విలువ. వాటిని పెట్టె రాస్తుంది. కింద, ఆ ఇంటి మనిషి చెప్పుకోదలచిన మాట ఉంటుంది. ఈ ద్వారం కట్టినది మా నాన్న. ఆయన ఒకే నియమం పెట్టాడు. హెడర్ మాత్రమే చదవాలి. కింది మాటను ముట్టుకోకూడదు. అది మూసినది మూసినట్టే గనిని నడిపే సంఘానికి పోవాలి. ఇంటి పెద్ద రోజూ ఉదయం నిలబడి మొదటి పది హెడర్లను పైకి చదవాలి, మనం ఎవరి కోసం పని చేస్తున్నామో మరవకుండా. నాన్న పోయాక ఆ చదవడం నాది.

ఆ ఉదయం చదివినవాటిలో నాలుగోది ఇది.

ఇల్లు: 9-14
మనుషులు: 1
వేడి: 35
పెట్టె-రకం: పాత
మళ్లీ-అడిగింది: 11

చదివి ఆమెన్ అన్నాను. ఐదోది చదివాను. చేతులు కడుక్కుని రిజిస్టరు ముందు కూర్చున్నాను.

ఒక ఇల్లు పదకొండు సార్లు అడిగిందని నా నోటితో నేనే పలికాను. ఊలు మేజోళ్లు వేసుకుని నిలబడి పలికాను. నా చెవికి అది పట్టలేదు.

లాగ్ 2. తొమ్మిది రోజులు

ఈ రోజు ఉదయం కొమురవ్వ వచ్చింది. తొమ్మిదో వరసలో పద్నాలుగో ఇల్లు ఆమెది. డెబ్భై దాటింది. నేల మీదికి పనికి వెళ్లేవాళ్లు వేసుకునే చల్ల అంగీలు కుడుతుంది. వెనకా ముందూ ఎవరూ లేరు. గడప బయటే కూలబడి, మాట్లాడే ముందు చాలాసేపు ఊపిరి తీసుకుంది.

"లోపలికి రా అవ్వా."

"వద్దు బిడ్డా. ఇంత సల్లదనం ఒక్కపారి తాకితే నాకు జరమొస్తది. అలవాటు లేదాయె."

నీళ్లు ఇచ్చాను. సగం తాగి, సగం తల మీద పోసుకుంది.

"నా పెట్టె మొత్తుకుంటనే ఉన్నది. మీ షట్టరేమో బిగవట్టుకుని కూసున్నది. నేను గంటసేపు తిట్టినంక పది నిమిషాలు తెరుసుకుంటది. ఏం సలోమీ, మీ నాయినతోని నేనేమన్న పంచాయతి పెట్టుకున్ననా?"

"పెట్టె పాడయిందేమో. ఎవరికన్న చూపించినవా?"

"బాగుచేసేటోనికి చూపించిన. పెట్టె మంచిగనే ఉన్నదన్నడు. మంచిగ లేంది ఇంకేదో చూసుకోమన్నడు."

ఆమె వెళ్లాక రికార్డు తీశాను. తక్కిన వరసల్లో షట్టర్ తెరుచుకోవడానికి సగటున ఆరు నిమిషాలు పడుతోంది. తొమ్మిదో వరసలో యాభై. ఏడు నెలలుగా అంతే. తొమ్మిదో వరస గనిలో అందరికంటే ముందు దిగినవాళ్లది. వాళ్ల పెట్టెలు కూడా ఆనాటివే.

కోడ్ తెరిచాను. నాన్న రాసిన కోడ్ ఇంటి నంబరు, మనుషులు, వేడి, ఈ మూడు హెడర్ల విలువలు మాత్రమే తెచ్చుకునేది. ఇప్పుడు కింద మరి కొన్ని వరుసలున్నాయి. మామూలు మాటల్లో చెప్పాలంటే ఇవి. పెట్టె-రకం అనే హెడర్ విలువ తెచ్చుకో. అది కొత్త అయితే క్యూలో పెట్టు. పాత అయితే నలభై నిమిషాలు ఆపి పెట్టు. మరేదైనా అయితే విడిగా ఉంచు.

కోడ్‌లో ఏ మార్పుకైనా మా ముగ్గురి వేలిముద్రలు కావాలి. ఈ మార్పు కింద మూడూ ఉన్నాయి. మధ్యది నాది. తమ్ముడు రాశాడు కదా అని చదవకుండా వేలు పెట్టాను.

లాగ్ 3. ఎనిమిది రోజులు

మధ్యాహ్నం భోజనం దగ్గర దానియేలును అడిగాను.

"పాత పెట్టెలను ఎందుకు ఆపుతున్నవ్ తమ్మీ?"

అతను దాచలేదు. "అవి సందులున్న పెట్టెలక్కా. ఆళ్ల షట్టర్లు సుత వంకరే. గాలి పంపితే సగం గోడలకే పోతది. గదే గాలి ఇంకో ఇంటికి పంపితే రెండు గదులు సల్లవడతయ్. సంఘం అధ్యక్షుడు నన్ను పిలిచి నోటితోనే చెప్పిండు. లెక్క మాత్రం కరెక్టే."

"తొమ్మిదో వరసోళ్లకు చెప్పినవా?"

"చెప్తే లొల్లి పెడతరు."

రూతు గరిటె కింద పెట్టింది. "చెప్పకుంటే పెట్టలేదా అన్నా? నిన్న అవ్వ గడపల కూసుని పెట్టింది లొల్లి గాదా?"

"నేను ఎవ్వరి మాట తెరవలేదు," అన్నాడు దానియేలు. "హెడరే చదివిన. అది అందరికి కనిపించేదే. నాన్న ఏం జెప్పిండో గదే చేసిన."

అతని ముఖంలో కపటం లేదు. తప్పు చేసినవాడు కనీసం కళ్లు దించుకుంటాడు. దానియేలు పెరుగు కలుపుకుని తిన్నాడు. నియమం తప్పలేదు కాబట్టి మనసు శుభ్రంగా ఉంది. ఆ శుభ్రం చూసి నాకు రోత పుట్టింది. పుట్టిన రోత అతని దగ్గర ఆగలేదు. అలాంటి శుభ్రంతోనే నేను ఏడు నెలలు మోకరించాను.

లాగ్ 4. ఆరు రోజులు

రూతును తొమ్మిదో వరసకు పంపాను. సాయంత్రానికల్లా వచ్చింది. జాకెట్టు చెమటకు ఒంటికి అంటుకుపోయింది.

అక్కడ అందరికీ సంగతి తెలిసిపోయింది. ఎవరు చెప్పారో తెలియదు. పెట్టెలు బాగుచేసేవాడిని పిలిపించి, పాత అన్నచోట కొత్త అని రాయించుకున్నారు. నలభై ఒక్క ఇళ్లలో నలభై ఇళ్లు. రెండు రోజులుగా వాళ్ల షట్టర్లు ఆరు నిమిషాలకే తెరుచుకుంటున్నాయి.

దానియేలు కుర్చీలోంచి లేచాడు. "దొంగలు. సర్వరుతోని అబద్ధమాడుతున్నరు."

"పెట్టె ఏం రాస్తే గదే నమ్మే సర్వరును పెట్టింది నువ్వు గాదా?" అంది రూతు. "ఆళ్లు నీ భాషల నీకు జవాబిచ్చిన్రు."

ఆమె మాట నిజం. హెడర్ అంటే అడిగేవాడు తన గురించి తాను చెప్పుకునేది. అది సాక్ష్యం కాదు. వేడిని కొలవాలంటే ఆ వరసలో మన థర్మామీటరు మనం వేలాడదీయాలి. ఆ కష్టం లేకుండా, ఇంట్లో కూర్చుని, వచ్చిన విలువను చదివి మనుషులను ముందూ వెనకా చేశాం.

"నలభై ఒకటో ఇల్లు ఎవరిది?" అని అడిగాను. జవాబు నాకు తెలుసు.

"కొమురవ్వది. రాయించుకోనన్నదట. నా పెట్టె పాతదే, పాతదంటే నాకేం సిగ్గు అన్నదట. బాగుచేసేటోన్ని సూది చూపెట్టి ఎల్లగొట్టింది."

వరసంతా అబద్ధంతో చల్లబడింది. నిజం చెప్పిన ఒక్క ఇల్లు ఉడుకుతోంది.

లాగ్ 5. ఐదు రోజులు

ఒక అనుమానం వచ్చి మా ఇంటి నంబరు వెతికాను.

మా ఇంటి రిక్వెస్టుల్లో, ఇంకెవరికీ లేని హెడర్ ఒకటి ఉంది. ద్వారం: అవును. కోడ్ ఆ విలువను తెచ్చుకుంటుంది. అవును అని ఉంటే క్యూతో పని లేదు. వెంటనే తెరుస్తుంది. నాలుగేళ్లుగా మేం ఒక్క నిమిషం కూడా ఆగలేదు. దాని కింద కూడా మూడు వేలిముద్రలు.

"సర్వరు వేడెక్కద్దు గదా అని పెట్టిన," అన్నాడు దానియేలు. "ద్వారం గదికి మన ఇంటికి ఒకటే గొట్టం."

"నడుమ ఇనుప తలుపున్నది తమ్మీ. గొట్టం మలుపుకోవచ్చు."

"నలభై ఏండ్ల సంది మనం ఈ పని చేస్తున్నం అక్కా. గీమాత్రం సుఖం లేకపోతే ఎట్ల?"

ఆ మాటతో గది వాసన మారింది నాకు. చల్లటి వాసన. తడి గుడ్డ వాసన. నా చాప, నా దుప్పటి, నా మేజోళ్లు, అన్నిటికీ అదే వాసన. ఇరవై ఆరు డిగ్రీల్లో ఎనిమిది వందల పన్నెండు ఇళ్లను దేవునికి అప్పగించేదాన్ని. అప్పగించి హాయిగా కాఫీ తాగేదాన్ని.

రెండు మార్పులూ తీసేయాలన్నాను. రూతు వెంటనే వేలు పెట్టింది. నేను పెట్టాను. దానియేలు చేతులు కట్టుకున్నాడు.

"ఎండ రోజులు అయిపోనియ్యి. ఇప్పుడు కోడ్ ముట్టుకుంటే గని మొత్తానికి గాలి ఆగుతది. దేవుని మీద ఒట్టు అక్కా, తర్వాత తీసేద్దాం. ఎవ్వరికి తెల్వకుండ."

"ఎవరికి తెలియకుండా ఎందుకు?"

అతను చేతులు విప్పలేదు. గట్టిగా అడగవలసింది. నేను గట్టిగా అడిగే మనిషిని కాను. ఇంట్లో గొంతు లేవకుండా ఉండటమే శాంతి అనుకుని యాభై ఆరేళ్లు బతికాను. లేచి ప్రార్థనకు వెళ్లాను.

లాగ్ 6. రెండు రోజులు

ఈ ఉదయం ఎవరికీ చెప్పకుండా 9-14కు వెళ్లాను.

ఒకటే గది. గోడలు చేతికి వెచ్చగా తగులుతున్నాయి. కొమురవ్వ తడి చీర చుట్టుకుని మిషను ముందు కూర్చుంది. ముప్పై ఎనిమిది డిగ్రీలు.

"చూడనీకి వచ్చినవా? టికెట్టు పెడదామనుకుంటున్న. వారం సంది అందరు వచ్చి చూసిపోతున్నరు."

"నీ పెట్టె ఒకసారి ముట్టుకుంట అవ్వా."

"కొత్త అని రాస్తవా?"

"రాయను."

"మరి?"

"పెట్టె-రకం అన్న హెడర్ తీసేస్త. నీ పెట్టె కొత్త అనదు, పాత అనదు. ఏం చెప్పదు. నలభై నిమిషాలు ఆపేది పాత అన్నోళ్లనే గదా."

ఆమె మిషను ఆపింది. "అబద్ధం గాదు గదా?"

"కాదు. ఊకుండుడే."

"ఊకుండుడు నాకు రాదు గని, పెట్టెకు వస్తే రానీ," అంది. "మీ నాయిన పిల్లవు. నీ చెయ్యి మీద నమ్మకమున్నది."

పెట్టె మూత విప్పి ఆ ఒక్క వరుస తీసేశాను. ఐదు నిమిషాల పని. తిరిగి వస్తుంటే చాలా రోజుల తరువాత మనసు తేలికైంది. తమ్ముడితో పోట్లాట లేకుండా, ఎవరి చేతా అబద్ధమాడించకుండా, ఒక ముసలి మనిషికి దారి చేశాననుకున్నాను. దేవునికి కృతజ్ఞత చెప్పాను. రాయడానికి సిగ్గుగా ఉంది. చెప్పాను.

లాగ్ 7. మొదటి ఎండ రోజు

పైన అరవై ఒకటి.

మధ్యాహ్నం రెండింటికి తొమ్మిదో వరస నుంచి కబురు వచ్చింది. పక్కింటివాళ్లు తలుపు పగలగొట్టి కొమురవ్వను బయటికి తెచ్చారు. గదిలో నలభై నాలుగు డిగ్రీలు. స్పృహ లేదు. నేను పెట్టె ముట్టిన నాటి నుంచి షట్టర్ ఒక్కసారి కూడా తెరుచుకోలేదు.

ఆస్పత్రి వరసలో పడుకోబెట్టారు. బతుకుతుందో లేదో రేపు చెబుతామన్నారు.

నేను సర్వరు ముందు కూర్చున్నాను. 9-14 రిక్వెస్టులు క్యూలో లేవు. పాతవాటితో పాటు ఆపిన చోటా లేవు. రూతు నా భుజం మీదుగా వంగి, కోడ్‌లో చివరి వరుస మీద వేలు పెట్టింది.

మరేదైనా అయితే విడిగా ఉంచు.

నేను ఆ వరుస అంతకు ముందే చదివాను. అక్షరం అక్షరం చదివాను. మరేదైనా అంటే తప్పు విలువ, పిచ్చి విలువ అనుకున్నాను. హెడరే లేనప్పుడు సర్వరుకు వచ్చే శూన్యం కూడా అందులోకే పోతుందని అనుకోలేదు. ఏమీ చెప్పకపోతే ఏ కీడూ రాదని నమ్మే మనిషిని. నేను అలా బతికాను కాబట్టి సర్వరు కూడా అలాగే అనుకుంటుందని ఎలా అనుకున్నానో.

విడిగా ఉంచినవాటిని మనిషి చూసి తేల్చాలి. తేల్చాలంటే కింద రాసిన మాట తెరవాలి. మేం తెరవం. అందుకే ఆ చోటును ఏడు నెలల్లో ముగ్గురిలో ఎవరమూ ఒక్కసారి కూడా చూడలేదు.

అక్కడ పదిహేడు రిక్వెస్టులున్నాయి. అన్నీ 9-14వే. ఒక్కొక్క దాని కింద ఒక మాట మూసి ఉంది.

ఆ ఇంటికి షట్టర్ తెరవడానికి నాకు ఒక్క మీట చాలు. అది ఇన్నాళ్లూ నా చేతి దగ్గరే ఉంది. నొక్కాను. ఖాళీ గది చల్లబడింది.

లాగ్ 8. రెండో ఎండ రోజు

కొమురవ్వకు ఉదయం స్పృహ వచ్చింది. ఎడమ చెయ్యి లేవడం లేదు. కుట్టు పనికి ఆ చెయ్యి ఇక పనికిరాదని డాక్టరు రూతుతో అన్నాడు. మామూలుగా చెప్పాడు. అలాంటివి నిన్న ఆరు వచ్చాయట.

నిన్న మధ్యాహ్నం నుంచి సర్వరు దగ్గర నుంచి లేవలేదు. తొమ్మిదో వరసను నా చేత్తో, ఇల్లు ఇల్లుగా తెరుస్తున్నాను. దానియేలు వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఆ పదిహేడు తీసేద్దామక్కా. ఎండ రోజుల్ల రికార్డు చెదిరిందంటే ఎవరు అడగరు."

నేను తిరిగి చూడలేదు. తిరిగితే ఏమనేదాన్నో.

"హెడర్ తీసింది నువ్వు," అన్నాడు మెల్లగా. "నేను గాదు. పాత అనే ఉంటే నలభై నిమిషాలకు తెరుసుకునేది."

అది కూడా నిజమే. కోపం రాలేదు. ఇద్దరం ఒక మనిషిని ఎవరు ఎక్కువ ముంచారని బేరమాడుతున్నాం.

"నీదెంతనో నాదెంతనో తర్వాత చూద్దాం," అన్నాను. "ఆ పదిహేడు ముట్టకు."

మధ్యాహ్నం రూతు సంఘం ఆఫీసుకు వెళ్లింది. మనుషుల మాటలు మూసినవి మూసినట్టే నలభై ఏళ్లుగా మీకు పంపుతున్నాం కదా, వాటిని ఎవరు చదువుతారని అడిగింది. గుమాస్తా అర్థం కానట్టు చూశాడట.

"మాకు వస్తున్నయా? మాకు రోజు మీ హెడర్ల పట్టికనే వస్తదమ్మా. కిందివి గా మూల డిస్కుల పడుతయ్ కావచ్చు."

"ఎవ్వరు చూడరా?"

"మీరే చూస్తరనుకున్నం. ద్వారం మీది గదా."

రూతు ఇంటికి వచ్చి ఈ మాటలు చెప్పి, గోడకు ఒరిగి కూర్చుండిపోయింది. మేం చదవకపోవడం మర్యాద అనుకున్నాం. తాము చూడకపోవడం మా మీద నమ్మకం అని సంఘంవాళ్లు అనుకున్నారు. మనుషులు రాస్తూనే ఉన్నారు.

లాగ్ 9. మూడో ఎండ రోజు, సాయంత్రం

పొద్దున ఆస్పత్రి వరసకు వెళ్లాను. ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూ వెళ్లాను. కొమురవ్వ దిండుకు ఆనుకుని కూర్చుంది. మాట కొంచెం ముద్దగా వస్తోంది.

"అవ్వా, తప్పు నాది. పాత అని ఉన్నా నీకు గాలి వచ్చేది. నేను తీసిన. చెప్పకపోతే చాలనుకున్న."

"నువ్వు తీస్తే నేను తియ్యనిచ్చిన," అంది. "అది పోనీ. ఒకటి అడుగుత, చెప్పు. నేను రాసినయి చదివినవా?"

"చదవలేదు."

"ఒక్కటి సుత?"

"మేం చదవం అవ్వా. నాన్న నియమం. హెడరే చదువుతం. మనిషి మాట మనిషిదే అని."

ఆమె కుడి చేత్తో ఎడమ చేతిని ఒళ్లోకి తెచ్చి పెట్టుకుంది, ఎవరిదో వస్తువును జరిపినట్టు.

"ముప్పై ఏండ్ల సంది రాస్తున్న. మా ఆయన పోయినప్పుడు రాసిన. కండ్లు మసకలొచ్చినప్పుడు రాసిన. మొన్న ఊపిరాడకుంటే రాసిన. పోనీ, ఎవలో ఒకలు చూస్తరనుకున్న. మీ నాయిన ఉన్నప్పుడు ఆయిన చూస్తడనుకున్న. ఆయిన పోతే నువ్వు చూస్తవనుకున్న." నా వైపు తిరిగింది. "మరి నేను ఎవలకు రాసిన సలోమీ?"

నర్సు వచ్చి ఇక చాలంది. లేచాను.

"ఇంకోపారి వచ్చేటప్పుడు చదివి రా," అంది కొమురవ్వ. "చదవకుండ రాకు."

ఇంటికి వచ్చి, సాయంత్రం నాలుగు గంటలకు ఇద్దరినీ ద్వారం గదిలో కూర్చోబెట్టాను. జరిగింది ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ముందు నేను ఆమె మాటలు చెప్పాను. దానియేలు నేల చూశాడు. ఈ పది రోజుల్లో అతను నేల చూడటం అదే మొదలు.

"తెరిస్తే నాన్న మాట పోయినట్టే గదా అక్కా," అన్నాడు.

"పోనీ."

"నాన్న తప్పు చెప్పిండంటవా?"

"నాన్న చదవొద్దన్నడు. ఎవరు చదువుతున్నరో చూసుకోమనడం మరిచిండు. మనం ఆ మరపును పట్టుకుని మొక్కుతున్నం."

రూతు అంది, "అన్నా, నీకు భయం నియమం పోతదని గాదు. గా పదిహేడుల నీ పేరు ఉంటదని. నా పేరు సుత ఉంటది. అక్కది సుత."

దానియేలు లేచాడు. వచ్చి వేలిముద్రల పలక మీద వేలు పెట్టాడు. ముద్ర మొదటిసారి పడలేదు. తుడుచుకుని మళ్లీ పెట్టాడు.

ఈ సాయంత్రం మా ఇంట్లో తేలినవి ఇవి.

పెట్టె-రకం అనే హెడర్‌ను ఈ సర్వరు ఇక చదవదు. ద్వారం అనే హెడర్‌ను కూడా చదవదు. రెంటినీ దానియేలే తన చేత్తో తీసేశాడు. గని ఆగలేదు. ఐదున్నరకు మా గదిలో ముప్పై మూడు డిగ్రీలు.

వేడి ఎంతో పెట్టె చెబితే నమ్మం. తొమ్మిదో వరసతో మొదలుపెట్టి ప్రతి వరసలో మన థర్మామీటర్లు మనం కడతాం. కట్టేది దానియేలు.

ఏం రాశామో, ఏడు నెలలు ఏం చేశామో, కోడ్ వరుసలతో సహా రూతు కాగితం మీద రాస్తుంది. అది రేపు తొమ్మిదో వరస మొదట్లో అంటిస్తాం. కింద మూడు పేర్లుంటాయి. తరువాత ద్వారం మా దగ్గర ఉంచుతారో, తీసుకుంటారో వాళ్ల ఇష్టం. దానియేలు దీనికి ఒప్పుకోలేదు. ఇద్దరం ఒప్పుకున్నాం. రూతు రాస్తోంది.

మూసి ఉన్న మాటలను ఇప్పటినుంచి ముగ్గురం తెరిచి చదువుతాం. కొత్తగా వచ్చేవి ఏ రోజువి ఆ రోజు. డిస్కులో ఉన్నవి నలభై ఏళ్లవి. ఎన్ని ఉన్నాయో ఇంకా లెక్క తేలలేదు. మా ముగ్గురి ఆయుష్షూ చాలకపోవచ్చు.

మొదట 9-14వి. వాటిని నేను ఒక్కదాన్నే చదవాలని ముగ్గురం అనుకున్నాం. పదిహేడూ అయ్యేదాకా నేను మోకరించనని చెప్పాను. ఎవరూ కాదనలేదు. రూతు లాంతరు జరిపి నాకు చోటిచ్చింది. మొదటిదాన్ని తెరిచాను.